కథ ఒకటే, జవాబులు వేరు: పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

దేశదేశాల కథల్లో కనిపించే పోలికల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలను ఈ నెల శీర్షికలో ఒకచోట చేర్చాను. వాటిలో కొన్ని ఒకదాని నుంచి మరొకటి పుట్టినట్లుగా ఉన్నందున, వరుసగా చదివితే ప్రయోజనం ఎక్కువ.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు బ్రాహ్మణుడు–ముంగిస కథ చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, ఇదే కథ బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో కుక్క కథగా ఉందని, ఆ కుక్కకు అక్కడ సమాధి కూడా ఉందని చెప్పాడు. ఎవరి కథను ఎవరు తీసుకున్నారు? ఇది మన కథేనని పిల్లలకు చెప్పవచ్చునా?
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: మీ విద్యార్థి చెప్పింది నిజమే. వేల్స్‌లో బెడ్‌గెలెర్ట్ అనే ఊరు ఉంది. 13వ శతాబ్దపు రాజు లెవెలిన్ వేట నుంచి తిరిగివచ్చి, తలకిందులైన ఊయలనూ, నోటినిండా నెత్తురుతో ఎదురువచ్చిన తన పెంపుడు కుక్క గెలెర్ట్‌నూ చూసి, అది బిడ్డను చంపిందనుకొని కత్తి దూశాడనీ, ఆ తరువాత ఊయల కింద క్షేమంగా ఉన్న బిడ్డ, పక్కనే చచ్చిపడి ఉన్న తోడేలు కనిపించాయనీ అక్కడి కథ. అయితే ఇప్పుడు యాత్రికులు చూసే సమాధి 18వ శతాబ్దం చివర్లో ఏర్పాటు చేసినదనీ, ఆ ఊరి సత్రం యజమాని దానికి కారకుడనీ చరిత్రకారులు సాధారణంగా భావిస్తారు.

ఈ కథ నడిచిన దారి చాలావరకు తెలిసినదే. పంచతంత్రంలోని అయిదవ తంత్రమైన అపరీక్షితకారకంలో ఇది ఉంది. 6వ శతాబ్దంలో ఇరాన్ చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్ ఆస్థాన వైద్యుడు బుర్జూయా పంచతంత్రాన్ని నాటి ఇరాన్ భాష అయిన పహ్లవీలోకి తెచ్చాడు. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా దానిని ‘కలీలా వ దిమ్నా’ పేరుతో అరబీలో రాశాడు; మన పంచతంత్రంలోని నక్కలు కరటక దమనకుల పేర్లే అక్కడ ఆ రూపం పొందాయి. అరబీ నుంచి హీబ్రూలోకి, 13వ శతాబ్దంలో లాటిన్‌లోకి, అక్కడి నుంచి అనేక ఐరోపా భాషల్లోకి ఈ కథలు వెళ్లాయి. మన భాషలోకి 15వ శతాబ్దంలో దూబగుంట నారాయణకవి పద్యకావ్యంగా తెచ్చేనాటికే పంచతంత్రం సగం ప్రపంచం చుట్టివచ్చింది. కనుక ఈ కథకు దొరికిన పాత లిఖిత రూపాల్లో పంచతంత్రానిది ముందు వరుస అని పిల్లలకు నిస్సంకోచంగా చెప్పవచ్చు. అయితే రాతకు ఎక్కకముందు అది ఎన్ని నోళ్లలో నానిందో, ఏ ఊళ్లో మొదట పుట్టిందో చెప్పగల ఆధారం ఎవరి దగ్గరా లేదు.

దీనికంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ఫ్రాన్సులో లియోన్ నగర పరిసరాల్లోనూ 13వ శతాబ్దంలో ఈ కథే వినిపించింది. అక్కడ పాము నుంచి బిడ్డను కాపాడి యజమాని చేతిలో చచ్చిన వేటకుక్క గినెఫోర్‌ను చుట్టుపక్కల రైతులు సాధువుగా కొలిచి, జబ్బుపడిన పిల్లలను దాని సమాధి దగ్గరికి తీసుకువెళ్లేవారు. విచారణకు వచ్చిన క్రైస్తవ గురువు స్టీఫెన్ ఆ ఎముకలను తవ్వించి కాల్పించినట్లు స్వయంగా రాసిపెట్టాడు. పంచతంత్రంలో ఇది రాజకుమారులకు చెప్పిన పాఠం: విచారించకుండా పని చేయకూడదు. ఫ్రెంచి రైతులకు అదే కథ అన్యాయంగా చచ్చిన నిర్దోషి మహిమ. వేల్స్‌లో ఒక ఊరి పేరుకు కారణం. పంచతంత్రపు ఒక పాఠాంతరంలో, ముంగిసను తన పాలతోనే పెంచిన తల్లి కూడా జాతి స్వభావం చేత అది ఏనాటికైనా బిడ్డకు హాని చేస్తుందేమోనని లోలోపల శంకిస్తూ ఉంటుంది. చివరికి నీళ్ల కుండ దాని మీద పడవేసేది ఆ శంకే. ముంగిసను చంపినది తొందరపాటా, లేక పుట్టుకను బట్టి ముందే ఏర్పరచుకున్న అనుమానమా అని మీ తరగతిలో అడిగి చూడండి. ఎవరిది మొదటి కథ అన్న చర్చ కంటే అది పిల్లలను చాలా దూరం తీసుకువెళుతుంది.

ప్రశ్న: బభ్రువాహనుడు తండ్రి అర్జునుణ్ణి చంపిన కథ మనకు తెలుసు. పర్షియన్ కావ్యంలో రుస్తుం తన కొడుకు సోహ్రాబ్‌ను చంపాడని చదివాను. ఇది కూడా పంచతంత్రంలాగా ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లిన కథేనా? కాకపోతే ఇంత దూరపు జాతులకు ఒకే ఊహ ఎలా వచ్చింది?
– తెలుగు సాహిత్య విద్యార్థి, వరంగల్లు

సమాధానం: ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కనుక కొంత విస్తరించి చెబుతాను.

తండ్రీ కొడుకుల యుద్ధం మీరు చెప్పిన రెండు చోట్లే కాదు, ఐర్లండ్‌లోనూ, జర్మనీలోనూ ఉంది. ఐరిష్ వీరుడు కూహులిన్ తన కొడుకు కొన్లను చంపుతాడు. 9వ శతాబ్దంలో ఒక జర్మన్ మఠంలో వేరే గ్రంథపు మొదటి, చివరి పుటల మీద ఎవరో రాసిపెట్టిన పాటలో హిల్డెబ్రాండ్, అతని కొడుకు హాడుబ్రాండ్ రెండు సైన్యాల నడుమ ఎదురుపడతారు. ఈ జాతుల భాషలన్నీ ఒకే భాషా కుటుంబానికి చెందినవి కనుక, వాటి పూర్వికులకు ఇలాంటి కథ ఒకటి ఉండి ఉండవచ్చునని కొందరు పండితులు ఊహించారు. ఎవరికి వారే కల్పించుకున్నారని మరికొందరు అన్నారు. పంచతంత్రానికి ఉన్నట్లు అనువాదాల వరుస ఏదీ ఇక్కడ లేదు. అందువల్ల ప్రయాణం సంగతి పక్కన పెట్టి, ఈ కథలు పుట్టడానికి కావలసిన జీవిత పరిస్థితి ఏమిటో చూద్దాం.

అర్జునుడు తీర్థయాత్రలో మణిపురం చేరి చిత్రాంగదను పెళ్లాడాడు. పుట్టే కొడుకు మాతామహుని వంశానికే చెందాలన్నది అక్కడి షరతు. రుస్తుం తప్పిపోయిన గుర్రాన్ని వెతుకుతూ సమంగాన్ చేరి, తహ్మీనాతో ఒక రాత్రి గడిపి, పుట్టబోయే బిడ్డ కోసం ఒక పూసను ఇచ్చి వెళ్లిపోయాడు. కూహులిన్ యుద్ధవిద్య నేర్చుకోవడానికి సముద్రం దాటి వెళ్లినప్పుడు ఈఫ అనే వీరవనిత గర్భవతి అయింది. అతను ఒక ఉంగరం ఇచ్చి వచ్చేశాడు. హిల్డెబ్రాండ్ పసివాణ్ణి వదిలి ముప్పై ఏళ్లు పరదేశంలో ప్రవాసిగా గడిపాడు. నాలుగు చోట్లా తండ్రి తన కీర్తిని ఇచ్చాడు గాని తోడును ఇవ్వలేదు. కొడుకును పెంచినవారు వేరు, అతనికి పేరు ప్రతిష్ఠలు తెచ్చిపెట్టేది వేరు. యుద్ధమే వృత్తిగా దూరదేశాలు తిరిగే పురుషులున్న ఏ సమాజంలోనైనా ఇటువంటి కొడుకులు ఉంటారు, ఇటువంటి భయమూ ఉంటుంది. కథ ఒకరి నుంచి ఒకరు తెచ్చుకోనక్కరలేదు.

పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. అసలు చదవవలసినది ఆ తరువాతే. కూహులిన్ భార్య అతనికి ముందే చెబుతుంది, ఎదురుగా ఉన్నది నీ బిడ్డేనని. తెలిసి కూడా, తన రాజ్యమైన ఉల్‌స్టర్ గౌరవం కోసం అతను కొడుకును చంపి, ఆ శరీరాన్ని తెచ్చి తన వారి ముందు ఉంచుతాడు. అక్కడ అజ్ఞానం ప్రశ్నే కాదు, రక్తబంధం పెద్దదా, తెగ గౌరవం పెద్దదా అన్నదే ప్రశ్న. జర్మన్ పాటలో తండ్రి నిజం చెబుతాడు, చేతి బంగారు కడియాలు తీసి ఇస్తాడు. తండ్రి ఎప్పుడో చనిపోయాడని నమ్మిన కొడుకు ఈ ముసలివాడు మోసగాడని అంటాడు. కత్తులు తాకిన దగ్గర రాత ఆగిపోయింది. మిగతా పాట మనకు దొరకలేదు.

మణిపురంలో బభ్రువాహనుడు కానుకలతో, వినయంగా తండ్రికి ఎదురువస్తాడు. క్షత్రియుడివై ఉండి యాగాశ్వాన్ని ఊరికే వదులుతావా అని అర్జునుడు ఈసడిస్తాడు. అర్జునుని మరో భార్య, నాగకన్య ఉలూచి కూడా యుద్ధానికే ప్రోత్సహిస్తుంది. అర్జునుడు కూలిపోయాక నాగలోకపు సంజీవని మణితో ఆమే అతన్ని బతికించి, భీష్ముణ్ణి అధర్మంగా పడగొట్టిన పాపం కొడుకు చేతి దెబ్బతో తీరిపోయిందని వివరిస్తుంది. వ్యాసుడికి, ఆయన వెంట తిక్కనకు, ఈ ఘట్టం ఒక లెక్క తీరడం. తాత వంటి భీష్ముడి పట్ల చేసిన తప్పుకు కొడుకు చేతిలో ప్రాయశ్చిత్తం జరగడంలో తరాల మధ్య న్యాయం ఒకటి ఉంది.

ఇక సోహ్రాబ్ వైపు రండి. 1010లో ఫిరదౌసి పూర్తిచేసిన షాహ్‌నామాలో ఆ కుర్రవాడు తండ్రిని వెతుక్కుంటూనే యుద్ధానికి వస్తాడు. తండ్రిని ఇరాన్ సింహాసనం మీద కూర్చోబెట్టాలని అతని కోరిక. అవతలి రాజు అఫ్రాసియాబ్ వారిద్దరూ ఒకరినొకరు గుర్తించకుండా ఏర్పాట్లు చేస్తాడు; రుస్తుం గుడారం ఏదని అడిగితే బందీగా ఉన్న ఇరానీ యోధుడు చెప్పడు; నీవే రుస్తుంవా అని ముఖాముఖి అడిగితే రుస్తుమే కాదంటాడు. మొదటిసారి కిందపడినప్పుడు, తొలి పట్టులోనే చంపడం ఆచారం కాదని చెప్పి తప్పించుకున్న ఆ తండ్రి, తనకు అవకాశం రాగానే ఆ ఆచారాన్ని పాటించడు. చేతికి కట్టిన పూస కనిపించేసరికి కత్తి దిగిపోయి ఉంటుంది. గాయాన్ని మాన్పగల నోష్‌దారూ అనే ఔషధం రాజు కైకావూస్ దగ్గర ఉంది. ఇద్దరు వీరులూ కలిస్తే తన గద్దెకు ముప్పని అతను దానిని ఇవ్వడు.

మణిపురంలో మణి వచ్చింది. ఇరాన్‌లో మందు రాలేదు. మీరు వ్యాసం రాస్తే ఈ ఒక్క తేడా మీదే రాయమని నా సలహా. ప్రాణం పోసే వస్తువు రెండు కథల్లోనూ ఉంది, అది ఎవరి చేతిలో ఉందన్నదే తేడా. మన కథలో అది భార్య చేతిలో, ధర్మపు లెక్క తెలిసిన నాగకన్య చేతిలో ఉంది. అక్కడ తన అధికారం గురించి భయపడే రాజు చేతిలో ఉంది. ఫిరదౌసిని తెలుగువారు ఎక్కువగా జాషువా కావ్యం ద్వారానే ఎరుగుదురు. రాజు మాట తప్పితే కవి పడిన వేదన అందులో చదివినవారు, కైకావూస్ గురించిన ఈ ఘట్టాన్ని తప్పక వెతికి చదవాలి. రాజుల గురించి ఫిరదౌసికి ఏమి తెలుసో అందులో ఉంది.

ప్రశ్న: మా అమ్మాయికి ఇక్కడి బడిలో వివిధ దేశాల సిండ్రెల్లా కథలు ఇచ్చి, వాటన్నిటిలోని సార్వజనీన ఇతివృత్తం రాయమన్నారు. ‘మంచివాళ్లకు చివరికి మంచే జరుగుతుంది’ అని రాస్తే తక్కువ మార్కులు వచ్చాయి. ఇంకేం రాయాలి?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: మీ అమ్మాయి రాసినది తప్పు కాదు గాని, అది నీతి. నీతి చెప్పగానే ఆలోచన ముగిసిపోతుంది. ఇతివృత్తాన్ని ఒక ప్రశ్నగా రాయడం అలవాటు చేయండి. ఈ కథల్లో ఆ ప్రశ్న సుమారుగా ఇలా ఉంటుంది: తల్లి పోయి, సొంత ఇంట్లోనే పరాయిదైన ఆడపిల్లను ఆదుకునేదెవరు, ఆమె విలువను గుర్తించేదెవరు? ప్రతి కథా దీనికి తనదైన జవాబు ఇస్తుంది.

9వ శతాబ్దంలో చైనా రచయిత దువాన్ చెంగ్‌షీ, దక్షిణాదికి చెందిన తన పాత సేవకుని నోట విని రాసుకున్న యే షియాన్ కథలో ఆ పిల్లకు తోడు ఒక చేప. సవతి తల్లి దానిని చంపి వండుకు తింటే, దాచిపెట్టిన ఎముకలు కోరినవన్నీ ఇస్తాయి. ఆమె బంగారు చెప్పు చేతులు మారి, అమ్మకమై, ఒక ద్వీపపు రాజును చేరుతుంది. పెళ్లి తరువాత రాజు దురాశతో ఎముకలను అడిగి అడిగి, చివరికి అవి ఇవ్వడం మానేసేలా చేస్తాడు. రాజును పెళ్లాడడంతో కష్టాలన్నీ తీరినట్లేనని ఆ కథ చెప్పదు. 1697లో పెరో ఫ్రెంచిలో రాసిన కథలో గాజు చెప్పు, గుమ్మడికాయ బండి, దేవత ఉన్నాయి. ఆయన కథానాయిక అక్కలను క్షమించి, వారికీ గొప్ప ఇంటి సంబంధాలు చూస్తుంది. ఆయన పాఠకులు రాజాస్థానం మర్యాదలు ఎరిగినవారు. గ్రిమ్ సోదరుల జర్మన్ కథలో దేవత లేదు. తల్లి సమాధి మీద పెరిగిన చెట్టు, దాని మీది పక్షులు సాయపడతాయి. చెప్పులో పాదం పట్టడానికి అక్కలు వేలూ మడమా కోసుకుంటారు, తరువాతి కూర్పుల్లో పక్షులు వారి కళ్లు పొడుస్తాయి.

చైనాలోనూ జర్మనీలోనూ పోయిన తల్లి ఏదో ఒక రూపంలో తిరిగి వస్తోందని మీ అమ్మాయి గమనిస్తే, పెరో ఆ తల్లిని ఎందుకు పక్కన పెట్టాడని తనే అడుగుతుంది. చదువులో నిజమైన మెట్టు అదే. రాసేటప్పుడు ముందు ప్రశ్న, తరువాత సహాయకులు ఎవరు, శిక్షించేది ఎవరు, పెళ్లి తరువాత ఏమైంది అనే వరుస పాటించమనండి. దీనితో పాటు మన ఇళ్లలో చెప్పే సవతి తల్లి కథ ఒకటి, బాలనాగమ్మ అయినా సరే, తనకు చెప్పండి. పోల్చడానికి సొంత కథ ఒకటి తెలిసిన పిల్లకు ఇతరుల కథలు త్వరగా తెరుచుకుంటాయి.

ప్రశ్న: సినిమా కథలు రాయడం నేర్చుకుంటున్నాను. ప్రపంచంలోని కథలన్నీ ఒకే ‘వీరుని ప్రయాణం’ అని, ఇల్లు విడవడం, పరీక్షలు, తిరిగిరావడం అనే దశల్లోకి మన పురాణాలు కూడా ఒదుగుతాయని తరగతుల్లో చెబుతున్నారు. ఇది సరైనదేనా?
– ఒక యువకుడు, హైదరాబాద్

సమాధానం: అమెరికన్ పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో ప్రతిపాదించిన నమూనా అది. కొన్ని కథల ఎముకల గూడు చూడడానికి పనికివస్తుంది. ఎముకలు చూసి మనిషిని గుర్తుపట్టలేము కదా.

చనిపోయిన జీవిత భాగస్వామి కోసం వెళ్లిన మూడు కథలు చూడండి. గ్రీకు గాయకుడు ఆర్ఫియస్ పాటతో పాతాళాన్ని కరిగించి, వెనక్కి తిరిగి చూసి భార్యను మళ్లీ పోగొట్టుకున్నాడు. 712 నాటి జపాన్ గ్రంథం కోజికిలో ఇజనాగి అనే దేవుడు చూడవద్దన్న భార్యను చూసి, కుళ్లిన ఆ శరీరానికి భయపడి పారిపోయి, దారికి బండ అడ్డం పెట్టాడు. రోజుకు వెయ్యిమందిని చంపుతానని ఆమె అంటే, పదిహేను వందల మందిని పుట్టిస్తానని అతనన్నాడు. సావిత్రి ఏ లోకానికీ దిగలేదు, ఎవరితోనూ పోరాడలేదు. యముని వెంట నడుస్తూ, సజ్జనుల గురించి, ధర్మం గురించి ఆయనకు నచ్చే మాటలు చెప్పి, వరం మీద వరం పొంది, నూరుగురు కొడుకుల వరంతో భర్త ప్రాణాన్ని తిరిగి ఇవ్వక తప్పని స్థితి కల్పించింది. దశల పట్టికలో ఈ మూడూ ఒకే గడిలో పడతాయి. కానీ ఒకటి ఓటమి, ఒకటి లోకంలో మరణం ఎందుకు ఉందో చెప్పే పురాణం, ఒకటి మాట నేర్పు గెలుపు. మీరు సావిత్రి కథను ఆ నమూనాలోకి కుదిస్తే ముందుగా రాలిపోయేది ఆమె సంభాషణే. అది పోయాక సావిత్రిలో మిగిలేది ఏమీ లేదు. అందుచేత రాసేముందు మూలకథను పూర్తిగా చదవండి, పట్టికను ఆ తరువాత చూడండి.

ప్రశ్న: ‘ఏడుగురు రాజకొడుకులు – ఏడు చేపలు’ కథ మా మనవరాలికి చెబుతుంటాను. ఇది తెలుగువారికి మాత్రమే ఉన్న కథా? ఇతర దేశాల్లో ఇటువంటిది ఉందా?
– విశ్రాంత ఉద్యోగి, శ్రీకాకుళం

సమాధానం: ఈ రూపంలో ఇది మనదే అయినా, ఈ గొలుసు పద్ధతి చాలా చోట్ల ఉంది. యూదులు పస్కా పండుగ రాత్రి భోజనం చివర పాడే ‘హద్ గద్యా’ అనే పాట అందులో ప్రసిద్ధమైనది. 1590లో ప్రాగ్ నగరంలో అచ్చయిన పండుగ పుస్తకంలో అది కనిపిస్తుంది. నాన్న కొన్న మేకపిల్లను పిల్లి తింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కను కర్ర కొట్టింది, కర్రను నిప్పు కాల్చింది, నిప్పును నీరు ఆర్పింది, నీటిని ఎద్దు తాగింది. ఎద్దును కోసినవాణ్ణి మృత్యుదూత తీసుకుపోయాడు, మృత్యుదూతను దేవుడు సంహరించాడు.

పిల్లలు నాలుక తిప్పుకోవడానికి, వరుస గుర్తుపెట్టుకోవడానికి రెండూ ఒకేలా పనికివస్తాయి. దిశ మాత్రం పూర్తిగా వేరు. హద్ గద్యా బలహీనుని నుంచి బలవంతుని వైపు ఎక్కుతూ దేవుని దగ్గర ఆగుతుంది. అణచివేతలు అనుభవించిన ఒక జాతి, తనను పీడించినవారందరికీ పైన ఒక న్యాయకర్త ఉన్నాడని ఆ పాటలో చెప్పుకుందని చాలామంది వ్యాఖ్యానించారు. మన కథ ఎండని చేప దగ్గర మొదలై, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అన్నం పెట్టని అవ్వ, ఏడ్చిన పిల్లవాడు అంటూ నడిచి చీమ దగ్గరికి దిగుతుంది. ఎవరూ ఎవరినీ కొట్టరు. ప్రతి ఒక్కరినీ ‘ఎందుకు’ అని అడుగుతారు, ప్రతి ఒక్కరూ కారణం చెబుతారు. ‘నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా’ అన్న చీమ మాటకు మాత్రం ఎదురు ప్రశ్న లేదు. అన్నిటికంటే చిన్న ప్రాణికి తన ఇల్లు తనకు బంగారమేనని ఒప్పుకొని ఆ కథ ముగుస్తుంది. ఈ ముగింపు మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

ఈ గొలుసులో కొన్ని ప్రాంతాల్లో గడ్డిమోపు బదులు గడ్డిమేటు, పాలేరు బదులు గొల్లవాడు వస్తారు. మీ మనవరాలికి మీరు చెప్పే వరుసను, మీరు ఎవరి దగ్గర విన్నారో, అది ఏ ఊరో కూడా చేర్చి మాకు రాసి పంపండి. ఇతర పాఠకులూ తమ తమ ప్రాంతాల వరుసలు పంపితే, వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి రాబోయే సంచికల్లో ప్రచురిస్తాము.